సాంచాల గొంతు, బడి గొంతు

నిన్న సాయంత్రం సిరిసిల్లలో కరెంటు పోయింది. పొద్దుటినుంచీ టకటకలాడుతున్న సాంచాలు, అంటే మా వీధిలోని మరమగ్గాలు, ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఒకే ఒక్క గొంతు మిగిలి వీధి చివరిదాకా పోయింది. వంకాయల్లో పుచ్చులున్నాయా అని కూరగాయలామెను అరిచి అడుగుతున్న నా గొంతు. అందరూ తిరిగి చూశారు. నాకు మాత్రం రూతమ్మ టీచర్ గుర్తొచ్చారు.

నేను బోథ్ అనే ఊరి పక్కన పత్తిచేల మధ్య పెరిగినవాణ్ణి. బోథ్ నుంచి వచ్చాను కనుక బోధన దానంతటదే వస్తుందనుకొని చాలా ఏళ్ల కిందట ఇక్కడి బడిలో టీచరుగా చేరాను. వచ్చింది గొంతునొప్పి. మా నాలుగో తరగతి పిల్లలు పెన్సిల్ అడిగినా తగాదా పెట్టుకున్నట్టే అరిచేవారు. చివరికొక పందెం పెట్టాను: వారమంతా చప్పుడు చేయనివాళ్లే మరుసటి వారం బడిగంట కొట్టాలి. అందరికన్నా గట్టిగా అరిచే రజిత గెలిచింది. గెలిచాక కూడా, గంట ఎక్కడ చేజారుతుందోనని నోరు విప్పలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, లెక్క అడిగితే పలక చూపేది. పిల్లను మార్చేశానని స్టాఫ్ గదిలో మురిసిపోతుంటే, అన్నం డబ్బా విప్పుతున్న రూతమ్మ టీచర్ తలెత్తారు. ఆదివారం చర్చిలో అందరిచేతా పాటలు పాడించే పెద్దావిడ. బడిలో మాత్రం ఆవిడ మాట పక్క బెంచీ దాటేది కాదు.

"గా పిల్లకు బుద్ధి రాలే బిడ్డా, మాట పోయింది" అన్నారు. ఇంట్లో కూడా మాట్లాడడం లేదని వాళ్ల బాపు పరేషాన్ అవుతున్నాడట.

ఆ సాయంత్రమే నన్ను రజిత ఇంటికి తీసుకుపోయారు. ముందుగదినిండా సాంచాలే. వాళ్లవ్వ, అంటే రజిత అమ్మ, ఏదో అంది, పెదవులే కనిపించాయి. పాప ఎలా ఉందని మెత్తని నా బోథ్ గొంతుతో అడిగాను. మళ్లీ అడిగాను. గడపమీద బువ్వ తింటున్న రజిత చూసి చూసి ఇక పట్టలేకపోయింది.

"జర గట్టిగ మాట్లాడుండ్రి సార్! గట్లయితే ఎవలకు ఇనవడ్తది?"

వాళ్లవ్వ గబగబా సాంచాలు ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. రూతమ్మ టీచర్ పిల్ల పక్కనే కూర్చున్నారు.

"ఇది సాంచాల గొంతు. ఈడ గిదే కావాలె. బడికి ఇంకోటుంటది. రెండూ నీయే బిడ్డా. యాడ ఏది తియ్యాల్నో నువ్వే చూస్కో."

మర్నాడు హాజరు పిలిస్తే "ఉన్న సార్" అన్న కేక పక్క తరగతికి వినిపించింది. రజిత ఆగింది. ఆలోచించింది. మళ్లీ మెల్లగా, "ఉన్న సార్" అంది. పందెం ఎత్తేశాను, గంట వంతులవారీగా అందరిదీ అయింది. పిల్లలు అరిచినప్పుడు ఏ గొంతు తెచ్చారని మాత్రం అడగమన్నారు టీచర్. వాళ్లు ఆగి ఆలోచిస్తారే, అదే చదువట, తతిమ్మాదంతా గంట కొట్టుడేనట.

ఆవిడ పోయి చాలాకాలమైంది. ఆ ప్రశ్న నేనిప్పటికీ తరగతిలో అడుగుతూనే ఉన్నాను. నిన్న ఆ చీకటి వీధిలో, ఎదుటి అరుగుమీంచి నా విద్యార్థిని ఒకతె నన్నే అడిగింది: "సార్, గిది ఏ గొంతు?"

ఆగాను. ఆలోచించాను. వంకాయల సంగతి ఈసారి మెల్లగా అడిగాను. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది, సాంచాలన్నీ ఒక్కపెట్టున మొదలయ్యాయి. "ఏంది సార్?" అంది కూరగాయలామె. అరుగుమీది పిల్ల వైపు ఒకసారి చూసి, గొంతు ఎంచుకొని మరీ, గట్టిగా అరిచాను.