ఆయమ్మ అప్పజెప్పిన తాళంచెవి

ఆ బడిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లలకూ, టీచర్లకూ, గేటు దగ్గర వాచ్‌మన్‌కూ ఆమె ఆయమ్మే. పదకొండేళ్ళుగా పొద్దున్న ఏడింటికల్లా వచ్చి పద్నాలుగు గదులు ఊడ్చి, వరండాలు తుడిచి, వెనకవైపు ఉన్న ఆడపిల్లల బాత్రూములు ఆరూ ఫినాయిలు పోసి కడిగేది. బెల్లు కొట్టేదీ ఆమే. మాట కరుకు, చెయ్యి చురుకు. ఎవరు ఏ పని చెప్పినా ఎదురు చెప్పేది కాదు. తప్పనిపించిన పనిని మాత్రం చేతకానట్టు చేసేది.

ఆ ఏడు బడి తెరిచిన రెండో నెలలో ఎవరో కుళాయి కట్టకుండా వెళ్ళిపోతే మేడ మీది ట్యాంకు ఖాళీ అయింది. ఆ వారమే ఆడపిల్లల బాత్రూము గోడ మీద హెడ్మాస్టారి బొమ్మ, బట్టతలతో సహా, బొగ్గుతో ప్రత్యక్షమైంది. బొమ్మ బాగానే కుదిరిందని ఆయమ్మ లోలోపల అనుకుంది. హెడ్మాస్టారికి మాత్రం అది కుదరలేదు.

మర్నాడు ఆమెను గదికి పిలిచి కొత్త తాళం చేతిలో పెట్టాడు.

"ఇక మీదట ఇంటర్వెల్లో పది నిమిషాలు, అన్నం గంటలో ఇరవై నిమిషాలు తెరువు. మిగతా టైమంతా తాళం ఉండాలి. మరీ అవసరమైతే టీచరు సంతకం పెట్టిన చీటీ తెస్తారు. చీటీ లేకుండా తీశావంటే ఊరుకోను."

"రెండొందలమంది ఆడపిల్లలు సార్. ఆరు గదులు. పది నిమిషాల్లో ఎట్లా సరిపోతుంది?"

"వెళ్ళాలనుకున్నవాళ్ళు వెళ్తారు. నువ్వు తాళం సంగతి చూడు."

మగపిల్లల వైపు తలుపే ఊడిపోయింది కాబట్టి అటు తాళం బెడద లేదు.

రెండు నెలలు తిరిగేసరికి ఆయమ్మ కళ్ళకు కొన్ని సంగతులు ఆనాయి. సాయంత్రం ఇంటికి పోయే ముందు పెద్ద క్లాసుల ఆడపిల్లలు సీసాల్లో నీళ్ళు గేటు పక్క మొక్కలకు పోస్తున్నారు. ఏమిటిదని అడిగితే, "తాగకుండా తీసుకెళ్తే అమ్మ తిడుతుంది ఆయమ్మా" అన్నారు. తాగితే బాత్రూముకు వెళ్ళాల్సి వస్తుందని పొద్దుటి నుంచీ గొంతు తడుపుకోవడం లేదు. కొందరు మండే ఎండలో నడుముకు స్వెట్టర్లు చుట్టుకుని తిరుగుతున్నారు. కొందరు బెంచీ అంచున ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంటున్నారు. ఇక జ్వరమని, కడుపునొప్పని లీవు లెటర్లు. ఒక్కో పిల్లకు నెలకు మూడు రోజులు, తేదీ తప్పకుండా జ్వరం వస్తోంది.

ఆ జ్వరం ఎలాంటిదో ఆయమ్మకు వేరే చెప్పనక్కర్లేదు. ఆమె చదివిన బడిలో ఒక్కటే బాత్రూము, అదీ టీచర్లది. ఎనిమిదో తరగతిలో నెలకు నాలుగు రోజులు ఇంట్లోనే ఉండిపోయేది. ఆ రోజుల్లో చెప్పిన లెక్కలు ఆమెకు రాలేదు, పరీక్ష పోయింది. చదువు ఎవరూ మాన్పించలేదు. నాలుగేసి రోజుల చొప్పున తనంతట తానే మానేసింది.

ఇన్ని తెలిసీ తాళం వేస్తూనే ఉంది. చేతిలో ఉన్న ఉద్యోగం అలాంటిది.

తొమ్మిదో తరగతిలో పొడుగమ్మాయి అని ఒకతె ఉండేది. క్లాసులో అందరికన్నా ఎత్తు, అందుకని ఆఖరు బెంచీ ఆమెదే. ఒకరోజు మొదటి క్లాసులోనే ఆ పిల్ల లేచి లెక్కల మాస్టారిని చీటీ అడిగింది.

"ఏం పని?" అన్నాడాయన.

అంతమంది ముందు ఏం చెబుతుంది?

"పనేమిటో నీకే తెలియకపోతే కూర్చో."

కూర్చుంది. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే పరుగెత్తింది గానీ అప్పటికే ముందు ముప్పైమంది ఉన్నారు. ఇంకా నలుగురైతే తన వంతు వస్తుందనగా పది నిమిషాలు నిండిపోయాయి. ఆయమ్మ బెల్లు కొట్టి వచ్చి అందరినీ పంపేసింది. పొడుగమ్మాయి ఆమె మొహంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఆయమ్మ తాళం వేసింది.

తర్వాతి క్లాసుకు టీచరు రాగానే అందరూ లేచారు. పొడుగమ్మాయి లేవలేదు. గద్దిస్తే లేచింది. లేచేసరికి లంగా వెనకంతా మరక, బెంచీ మీదా మరక. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

వరండా తుడుస్తున్న ఆయమ్మ ఆ నవ్వు విని తలుపు దగ్గరికి వచ్చింది. ఎవరి అనుమతీ అడగలేదు. లోపలికి వెళ్ళి, తను తొడుక్కున్న ఖాకీ కోటు విప్పి పిల్ల నడుముకు చుట్టి, చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. చీటీ లేకుండా తాళం తీసింది. చీపుర్ల గదిలో డబ్బాలో దాచుకున్న తన ప్యాడ్ ఒకటి తెచ్చి ఇచ్చింది. బకెట్టుతో నీళ్ళు పెట్టింది.

లోపలి నుంచి పిల్ల గొంతు వినిపించింది. "రేపట్నుంచి నేను బడికి రాను."

"ఎందుకు రావు? నవ్వినవాళ్ళ సంగతి నేను చూస్తాగా తల్లీ."

"నవ్వినవాళ్ళ సంగతి సరే. తాళం వేసింది నువ్వేగా ఆయమ్మా."

ఆయమ్మ ఇంకో బకెట్టు తీసుకుని నీళ్ళు పట్టడానికి వెళ్ళింది.

ఇంటికెళ్ళాక మొగుడు కంచం వంక చూసి అడిగాడు. "ఏమైందే, ముద్ద కూడా ముట్టలేదు?" ఆయన కుట్టుమిషను మెకానిక్కు, నెమ్మదస్తుడు. అంతా విని, "నీకెందుకిదంతా? వాళ్ళు చెప్పింది నువ్వు చేశావు" అన్నాడు.

"చేశాను. అందుకే దిగట్లేదు."

మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టారి గదిలోకి వెళ్ళి తాళంచెవి టేబుల్ మీద పెట్టింది.

"ఇది మీ దగ్గరే ఉంచండి సార్."

"ఏమిటి సంగతి?"

"ఎవరి అవసరం నిజమో, ఎవరిది కాదో తేల్చేంత చదువు నాకు లేదు సార్. మీరు పెద్దవాళ్ళు, మీరైతే తేల్చగలరు."

"నన్ను బెదిరిస్తున్నావా?"

"తాళంచెవితో ఎవరు బెదురుతారు సార్?"

ఆయనకు పౌరుషం వచ్చింది. "పెట్టి వెళ్ళు. నాకు చేతకాదనుకున్నావేమో" అన్నాడు.

సర్క్యులర్ పుస్తకం క్లాసు క్లాసుకూ తిప్పేది ఆయమ్మే. ఆ రోజు ప్రతి క్లాసులోనూ పుస్తకం మీద టీచరు సంతకం పెడుతుంటే, ఆమె పిల్లల వైపు తిరిగి చెప్పింది. "బాత్రూము తాళం ఇప్పుడు హెడ్మాస్టారి దగ్గరుంది. అవసరమైతే వెళ్ళి ఆయన్నే అడగండి. ఏం పనని అడిగితే ఉన్నమాట చెప్పండి. అందులో సిగ్గుపడేదేం లేదు."

తొమ్మిదో తరగతిలో ఆఖరు బెంచీ వైపు చూసింది. రానన్న పిల్ల వచ్చింది. తల మాత్రం ఎత్తలేదు.

మొదటి క్లాసులో ఎవరూ కదల్లేదు. ఆయమ్మ వరండాలో తుడిచినచోటే తుడుస్తోంది. రెండో క్లాసు సగంలో పొడుగమ్మాయి బయటికొచ్చింది. ఆయమ్మను దాటుకుని నేరుగా హెడ్మాస్టారి గది ముందు నిలబడింది. లోపల పిల్లల మార్కులు కనుక్కోవడానికి వచ్చిన తండ్రులు ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"తాళంచెవి కావాలి సార్."

"ఏం పని?"

"నెలసరి సార్. ప్యాడ్ మార్చుకోవాలి."

మాట స్పష్టంగా వరండా దాకా వినిపించింది. హెడ్మాస్టారు దగ్గి, ఫైలు తెరిచి, మూసి, తాళంచెవి ముందుకు తోశాడు.

ఆ పిల్ల తిరిగొచ్చి తాళంచెవి ఇచ్చేసరికి గుమ్మంలో ఇంకో ఇద్దరున్నారు. మధ్యాహ్నానికి పదిహేడుమంది అయ్యారు.

"పీరియడ్ మధ్యలో రాకూడదని చెప్పానా లేదా?" అని ఆయన విసుక్కుంటే, "పీరియడ్ వచ్చిందనే వచ్చాం సార్" అందొకతి. ఆరో తరగతి పిల్ల ఒకతె చేతులు కట్టుకుని, "నాకింకా మొదలవలేదు సార్. నేను మామూలుగానే వెళ్ళాలి" అంది. తండ్రుల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు.

రెండో రోజు పెద్ద క్లాసుల పిల్లలు పొద్దున్నే సీసాలెత్తి గటగటా తాగేశారు. మొక్కలకు చుక్క మిగల్లేదు. హెడ్మాస్టారు ఒక్క ఉత్తరం కూడా పూర్తిగా చదవలేకపోయాడు. సాయంత్రం ఆయమ్మను పిలిపించాడు.

"ఈ తాళంచెవి పట్టుకుపో."

"వద్దు సార్."

"ఉద్యోగం ఉండాలని లేదా?"

"ఎందుకు లేదు సార్? కడగమంటే ఇంకో ఆరు గదులు కడుగుతాను. కుళాయిలు గంట గంటకూ చూస్తాను, గోడ మీద బొమ్మలు చెరుపుతాను. ఆ తలుపుకు మాత్రం నా చేత్తో తాళం వేయను."

ఆయన మొహం కందగడ్డయింది. "బయటికి నడు" అన్నాడు.

మరో రోజు కూడా పంతం పట్టి కూర్చున్నాడు. ఆ మర్నాడు పొద్దున్న ఆయమ్మ బకెట్టుతో వెళ్ళేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది, తాళం లేదు. ఎవరూ ఏమీ ప్రకటించలేదు.

ఆమె చేతికి మాత్రం మెమో వచ్చింది. పైవాళ్ళ ఆజ్ఞ ధిక్కరించినందుకు సంజాయిషీ ఇవ్వమని. గుమాస్తా ఆమె మీద జాలిపడి, "తప్పయిపోయిందని రెండు ముక్కలు రాసెయ్. నేను చెబుతాలే, ఎలా రాయాలో" అన్నాడు. ఆమె వద్దని, ఆయన కలం మాత్రం తీసుకుంది. ఎనిమిదో తరగతిలో ఆగిపోయిన గుండ్రటి అక్షరాలతో, "తాళం వేయనన్న మాట నిజమే. అంతకుముందు రెండు నెలలకు పైగా వేశాను, అదే నా తప్పు" అని రాసి కింద సంతకం చేసింది. గుమాస్తా అది చదివి ఫైల్లో పెట్టేశాడు.

నెల తిరక్కుండా ఆమెను రోడ్డుకు అవతల ఉన్న చిన్నపిల్లల విభాగానికి మార్చారు. పోయేరోజు పొడుగమ్మాయి ఆమె ఖాకీ కోటు ఉతికి మడతపెట్టి తెచ్చి ఇచ్చింది. థాంక్సూ చెప్పలేదు, కన్నీళ్ళూ పెట్టుకోలేదు. "ఈ నెల నేను ఒక్కరోజు కూడా మానలేదు" అని మాత్రం చెప్పింది.

చిన్నపిల్లల బాత్రూము తలుపుకు గడియ బయటివైపే ఉంది. లోపలివైపు పెట్టించమని ఆయమ్మ మూడుసార్లు అడిగింది. చూద్దామన్నారు. నాలుగోసారి ఆమె అడగలేదు, వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చింది.