కండ్లతోని వినే బుచ్చిరాములు

మా బుచ్చిరాములు కండ్లతోని వింటడు. నమ్మకపోతే సూరత్ వడోద్‌ల మేము కిరాయికుండే ఇంటి సేఠ్‌ను అడుగుండ్రి.

ఒకసారి మా చాలీకి, అంటే మా వరుస గదులకు, మూడు దినాలు నీళ్లు బంద్ అయినయి. బిందెలు పట్టుకొని ఆడోళ్లమంత వాకిట్ల నిలబడ్డం. సేఠ్ మూడో అంతస్తు బాల్కనీల నుంచి "మోటరు కాలిపోయింది, నేనేం జెయ్యాలె?" అన్నడు. అని, పక్కకు తిరిగి పెండ్లాంతోని ఏందో గొణిగిండు. మా పక్కన నిలబడ్డ బుచ్చిరాములు తల పైకెత్తి ఒక్క అరుపు అరిచిండు.

"కాలలేదు! 'కరెంటు బిల్లు మస్తు వస్తున్నది, ఇంకో రెండు దినాలు ఆపుదాం' అంటివి గద ఇప్పుడే!"

సేఠ్ మొఖం సున్నం పూసినట్టయింది.

"నీకెవరు చెప్పిండ్రు?"

"నువ్వే చెప్పినవ్. మెల్లగ చెప్పి ఏం లాభం సేఠ్? గట్టిగ చెప్పినా నాకు వినపడదు!"

ఐదు నిమిషాలల్ల నల్లాల నీళ్లు. ఆ దినం నుంచి సేఠ్ పెండ్లాంతోని మాట్లాడాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటడు.

దీంట్ల మంత్రం లేదు, తంత్రం లేదు. బుచ్చిరాములు సిరిసిల్ల దిక్కు నుంచి పద్దెనిమిదేండ్లకే సూరత్ వచ్చి, ముప్పై ఐదేండ్లు సాంచెలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, నడిపిండు. సాంచెల కార్ఖానల పక్కన పిడుగు పడ్డా తెల్వది. ఆడ అందరు పెదవులు చూసి, చేతుల సైగలు చూసి మాట్లాడుకుంటరు. తెలుగు, హిందీ, గుజరాతీ, ఒడియా, ఏ బాసైనా ఆయనకు పెదవులు కనపడితే చాలు. చెవులు ఎప్పుడు పోయినయో ఆయనకే తెల్వది. వాటితోని పని పడితే గద!

ఇంకో సుకం గూడ ఉన్నది. పక్క గదిల ఉండే నాతోని లొల్లిల ఓడిపోయేటట్టుంటే గోడదిక్కు తిరుగుతడు. ఇగ నేను ఎంత మొత్తుకున్నా గోడకు చెప్పుకున్నట్టే.

పోయినేడు కార్ఖానల వెనుక నుంచి బండి వస్తుంటే "జరుగు, జరుగు" అని అరిచిండ్రట. వెనుక కండ్లు లేకపాయె. నడుముకు తగిలింది. మాలిక్ "ఇగ పనికి రాకు" అన్నడు. పెండ్లాం లేదు, పిల్లలు లేరు. చెవులు వినపడవని సర్టిఫికెట్ వస్తేనే పింఛను. అది లేకుంటే గది ఖాళీ చేసుడే.

అర్జీ హోలీకి ముందు పెట్టినం. నాలుగు నెలలు ఉలుకు లేదు పలుకు లేదు. తర్వాత ఫోటో మీద సంతకం లేదని చిట్టీ వచ్చింది. సంతకం పెట్టి ఇస్తే ఇంకో మూడు నెలలకు దవాఖాన తారీఖు ఇచ్చిండ్రు.

చెవులకు డబ్బాలు పెట్టి, "చప్పుడు వినపడ్డప్పుడల్ల చెయ్యి లేపు కాకా" అన్నదట పరీక్ష చేసే పిల్ల. బుచ్చిరాములు ఒక్కటి తప్పియ్యకుంట లేపిండు. "నీ చెవులు నా చెవులకన్న మంచిగున్నయి" అని రాసి పంపింది.

"నీకు చప్పుడు వినపడ్డదా?" అని అడిగిన.

"లేదు."

"మరి చెయ్యెందుకు లేపినవయ్యా?"

"మీట నొక్కినప్పుడల్ల ఆమె వేలు కదిలింది గద వదినా! ముప్పై ఐదేండ్లల్ల ఒక్క సైగ తప్పియ్యలే. ఇప్పుడు తప్పిస్తనా?"

"తప్పిస్తేనే పింఛను!"

గోడదిక్కు తిరిగిండు.

మళ్ల ఐదు నెలలకు తారీఖు. ఈసారి ఆ పిల్లకు వీపు పెట్టి కూసోబెట్టిండ్రు. ఎదురుంగ స్టీలు బీరువా. అది అద్దం లెక్క మెరుస్తున్నది. ఇగ చెప్పేదేమున్నది? మళ్ల నూటికి నూరు.

ఆయన మీద నాకు ఇంకో మంట ఉన్నది. తారీఖు నెలల దూరమున్నా, మంగళవారం వచ్చిందంటే సద్దికట్టుకొని ఆ దవాఖానకే పోతడు. సర్టిఫికెట్ కిటికీ ఎదురుంగ బల్ల మీద పొద్దంత కూసుంటడు. "ఏం పనయ్యా ఆడ?" అంటే "ఫ్యాను మంచిగ తిరుగుతది వదినా" అంటడు. పనిలేని ముసలోడు అనుకున్న. పదిమంది ముందట అన్న గూడ.

మూడో తారీఖు దీపావళి ముందు మంగళవారం పడ్డది. "నువ్వు రావాలె వదినా. నా కండ్లు నా మాట వింటలేవు, దస్తీ గట్టిగ కట్టు" అన్నడు. పోయిన.

పోతే ఏం చూసిన! బల్ల మీదోళ్లు సగం మంది "కాకా వచ్చిండు" అని జరిగి జాగ ఇచ్చిండ్రు. ఈయన కూసొని కిటికీ అద్దంల నుంచి గుమాస్తా నోటినే చూస్తున్నడు. ఆ గుమాస్తా తరీక ఏందంటే, ఫైలు తిరగేసి, ఏ కాగితం తక్కువున్నదో పక్కోనికి చెప్పి కట్టల పడేస్తడు. అర్జీ పెట్టినోళ్లకు ఆ సంగతి నెలల తర్వాత చిట్టీల తెలుస్తది. బుచ్చిరాములుకైతే అప్పుడే తెలుస్తది.

ఉన్నట్టుండి లేచి, పక్క బల్ల మీద సంగీత అనే బిడ్డ దగ్గరికి పోయిండు. కడోదరా నుంచి వచ్చింది, మొగని చెయ్యి మిల్లుల పోయింది.

"బిడ్డా, దవాఖాన నుంచి పంపినప్పటి కాగితం జిరాక్స్ లేదంటున్నడు. ఉరుకు! కట్ట లోపలికి పోకముందే ఇయ్యి."

ఆ బిడ్డ జిరాక్స్ దుకాణానికి ఉరికింది. పక్కనున్న ముసలామె నాతోని "పోయిన మంగళవారం మా పిల్లగానిది గూడ గిట్లనే చెప్పిండు. లేకుంటే ఇంకో నాలుగు నెలలు" అన్నది. 'పనిలేని ముసలోడు' అన్నందుకు నా చెంప నేనే కొట్టుకున్న.

అంతలనే బుచ్చిరాములు నంబరు పిలిచిండ్రు. కండ్లకు దస్తీ బిగించి కట్టి, భుజం పట్టుకొని తోలుకపోయిన. తలుపు కాడ ప్యూను ఆపిండు.

"కండ్ల పరీక్ష బుధవారం!"

"కండ్లు కావు, చెవులు!"

"మరి కండ్లకెందుకు గంతలు?"

"ఆయన వినేది వాటితోనే. నువ్వు జరుగు!"

పావుగంటల బయటికి వచ్చిండు. దస్తీ నొసటి మీదికి జరిగింది, చేతుల ముద్ర పడ్డ కాగితం. రెండు చెవులు పనిచెయ్యవని రాసిచ్చిండ్రు. ఇగ పింఛను ఆగదు.

"అన్ని సైగలు తప్పినవా?" అన్న.

ఆయన నా దిక్కు చూస్తలేడు. చూపంత కిటికీ మీదనే. గుమాస్తా టిఫిన్ డబ్బా తీసి పక్కోనితోని ఏందో అంటున్నడు. సంగీత ఇంకా రాలే.

"వదినా, కట్ట లోపల పెట్టి కిటికీ మూస్తం అంటున్నడు" అన్నడు బుచ్చిరాములు. "నాకు గుజరాతీ చూసుడు వస్తది గని తిట్టుడు రాదు. నువ్వు జర పొయ్యి, ఆ బిడ్డ వచ్చేదాక వానితోని కొట్లాడు."