పటేల్ అరుగు మీద పోయిన బడి

మా పంతులు పోయిన నెల ఒక పొద్దున చనిపోయారు. మధ్యాహ్నానికల్లా చౌరస్తాలో మరాఠీలో ఫ్లెక్సీ లేచింది, 'ఆదర్శ గురువు' అని. బతికున్నన్నాళ్లూ పిచ్చి పంతులన్నవాళ్లే దగ్గరుండి కట్టించారు. సిగ్గనేది మా ఊరికి ఏనాడూ లేదు.

ఆయన మాకు భూగోళం చెప్పారు. పెన్‌గంగ నది వార్ధాలో కలిసేచోట ఉన్న మా నేల గురించి పుస్తకంలో రెండే ముక్కలుండేవి: సారవంతమైన లోయ, కష్టపడే జనం. ఆ పేజీని ఆయన రెండు వేళ్లతో పట్టుకుని చూపేవారు. "ఇది రాసినోడు మన రేగడిల ఒక్క వానాకాలమన్న చెప్పులు పోగొట్టుకోలే," అనేవారు. తర్వాత మమ్మల్ని ఒడ్డుకు తీసుకెళ్లి, వరద ఏ చేనులో ఒండ్రు వేసిందో, ఏ చేను కోసుకుపోయిందో చూపించేవారు. నాకు వచ్చిన భూగోళం అంతే.

అప్పుడే, యాభై ఆరులో, భాషను బట్టి రాష్ట్రాలను మార్చారు. మమ్మల్ని ఆదిలాబాద్ నుంచి తెంచి మరాఠీ జిల్లాలకు, ముందు నాందేడ్‌కు, తర్వాత చాందాకు అంటగట్టారు. మా బడి తెలుగులో ఉండాలా, మరాఠీలో ఉండాలా తేల్చడానికి ఒక అధికారి వచ్చి పటేల్ అరుగు మీద కూర్చున్నాడు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని మరాఠీలో అడిగాడు. మా దగ్గర ఎవరొస్తే వాళ్ల భాషలో జవాబివ్వడం, వాళ్లకు నచ్చే జవాబే ఇవ్వడం మర్యాద. పటేల్ "మరాఠీనే సాహెబ్" అన్నాడు. వరసగా అందరూ అదే అన్నారు. మా అమ్మతో ఒక్క మరాఠీ ముక్క అనని మా నాయన కూడా.

పక్కనే నిలబడ్డ పంతులు, "వీళ్లంత తెలుగోళ్లు సాహెబ్" అన్నారు. అధికారి నవ్వి కాగితం మడిచాడు.

అతను వెళ్లాక పంతులు అడిగారు: "మర్యాదకు చాయ్ ఇస్తరు పటేలా. బడి ఇస్తరా?"

"ఇంటికొచ్చినోని మాట కాదంటె బాగుంటదా పంతులూ?" అన్నాడు పటేల్. అందరూ తలలూపారు.

బడి మరాఠీ అయింది. మరాఠీ పరీక్ష రాస్తే పంతులుకు కొలువు ఉంటుందన్నారు. ఆయన రాయలేదు, చేను దున్నుకుని బతికారు. పొద్దున్నే వాకిట్లో తెలుగు నేర్పుతానంటే మొదట పదిమందిమి పోయాం. వానలు పడేసరికి నేనొక్కణ్ణే మిగిలాను. చదువు మీద ప్రేమ కాదు, చేలో కలుపు తీసే పని తప్పించుకోవడానికి. అది ఆయనకూ తెలుసు. "దొంగవే గని, కూసో. అక్షరానికేం తెలుసు," అనేవారు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ వాకిలి పుణ్యమే. ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

పదోనాడు ఆయన భార్య నన్ను లోపలికి పిలిచి ఒక లావుపాటి నోటుబుక్కు చేతిలో పెట్టింది. "ఊళ్లె ఇది నువ్వొక్కనివే చదువుతవు బిడ్డా, తీస్కపో" అంది. కొలువు పోయినప్పటి నుంచి ఆయన రాసుకున్న మా లోయ భూగోళం అది. ఊరికో పేజీ. మిగతా ఊళ్లకు భాష దగ్గర తెలుగనో, గోండీ అనో, మరాఠీ అనో ఉంది. మా ఊరి పేజీ తీశాను.

నేల: నల్లరేగడి. పంట: పత్తి, జొన్న. జనం: మర్యాదస్తులు. భాష: వచ్చినవాడిది.