తుపాకీ అన్నం పెట్టదని రాశాను

నేను తెలుగు మేస్టారిని. ఇరవై ఎనిమిదేళ్ళుగా బళ్ళో ఏ వక్తృత్వ పోటీ వచ్చినా ప్రసంగం రాసేది నేనే. పిల్లలే రాసుకోవాలని రూలు. పిల్లలు రాస్తే ప్రైజు రాదని హెడ్మాస్టర్లందరికీ తెలుసు. అందుకని మేస్టారు రాస్తాడు, పిల్లలు బట్టీ పడతారు, జడ్జీలుగా కూర్చున్న మరో ఇద్దరు మేస్టర్లు "ఈ కాలం పిల్లలు ఎంత బాగా ఆలోచిస్తున్నారో" అని మెచ్చుకుంటారు. అందరికీ తెలిసిన గుట్టే. బయటికి అనే ఓపిక ఈ వయసులో నాకూ లేదు.

పోయిన శీతాకాలం మండల పోటీకి అంశం వాట్సాప్‌లో వచ్చింది: దేశ సంపదలో రక్షణ ఖర్చు వాటా పెంచాలా, తగ్గించాలా? పోటీ కోటబొమ్మాళిలో, నాలుగు రోజుల గడువు. బడికి ఇద్దరు పిల్లలు, చెరో వైపు మాట్లాడాలి. చీట్లు రాసి, మడిచి, సుద్దముక్కల డబ్బాలో వేసి తీయించాం. పెంచాలన్న చీటీ పదో తరగతి కుర్రాడికి వచ్చింది. తగ్గించాలన్నది తొమ్మిదో తరగతి అమ్మాయికి వచ్చింది.

ఆ అమ్మాయి తండ్రి జవాను. మా వైపు అదేం వింత కాదు. వీధికో మిలటరీ ఇల్లుంటుంది. తెల్లారకుండానే రోడ్డు మీద సెలక్షన్ల కోసం పరుగులు తీసే కుర్రాళ్ళని తప్పించుకుంటూ పాలకి వెళ్ళాలి. అంచేత నాకు ఆ సంగతి తట్టనే లేదు. తట్టినా, చీటీ చీటీయే అని ఊరుకునేవాణ్ణేమో.

తగ్గించాలని రాయడం సులువు. రెండేళ్ళుగా మా బడికి లెక్కల మేస్టారు లేడు. వానొస్తే ఎనిమిదో తరగతిని వరండాలోకి తోలతాం. ఊరి ఆసుపత్రికి డాక్టరు ఏ రోజు వస్తాడో ఆయనకే తెలియాలి. ఇవన్నీ ఎప్పట్నుంచో కడుపులో ఉన్నవే, వాటంతట అవే కాయితం మీదికి వచ్చేశాయి. చివర్లో "తుపాకీ అన్నం పెడుతుందా? ఏ ఇంట్లోనైనా తుపాకీ పొయ్యి వెలిగించిందా?" అని రాసి, భలే కుదిరిందిరా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ ఆ అమ్మాయి తల్లి బడికి వచ్చింది. పొలం నుంచి తిన్నగా వచ్చినట్టుంది, కుచ్చిళ్ళు ఎగదోపుకునే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేస్టారూ, నిన్నట్నుంచి మా పిల్ల రాత్రనక పగలనక అదే సదువుతంది. తుపాకీ అన్నం పెట్టదంతారేటి? మా ఇంట్లో పొయ్యి ఎలిగించింది ఏటనుకున్నారు? దాని కాళ్ళకి జోళ్ళు, మా అత్తకి మందులు, అన్నీ ఆ తుపాకీయే గదా! ఆయన సెలవుకొచ్చి ఇంట్లోనే ఉన్నాడు. అది సదివిందంతా కూకుని ఇంతన్నాడు. ఏటీ అనడు. నాకే గుండె సెరువైపోతంది."

ఆవిడ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మా ఊళ్ళో ఎన్నో పొయ్యిల సంగతి అదే. తెలిసి తెలిసీ చప్పట్ల కోసం రాశాను. సిగ్గేసింది. వెంటనే పిల్లని పిలిపించి, ఆ వాక్యం కొట్టేద్దామన్నాను. కావాలంటే వైపు మార్చేస్తానని కూడా అన్నాను.

"వద్దు సార్," అంది ఆ పిల్ల. "ఆ మాటకే గదా సప్పట్లు పడతాయి. అది తీసీస్తే ఇంకేటుంది అందులో?"

"మీ నాన్న బాధపడడా తల్లీ?"

"నాన్నే సెప్పమన్నాడు. సీటీలో ఏది వస్తే అదే సెప్పాల, డ్యూటీ అంటే అలాగే ఉంతాది అన్నాడు."

తల్లి కూతుర్ని చూసింది, నన్ను చూసింది. "మీరూ మీ సదువులూ" అని వెళ్ళిపోయింది.

పోటీకి ఆ అమ్మాయిని తండ్రే బండి మీద తీసుకొచ్చాడు. వెనక బెంచీలో, వీపు ఆనించకుండా కూర్చున్నాడు. మా పదో తరగతి కుర్రాడు ముందు మాట్లాడాడు, సరిహద్దు, త్యాగం, భరతమాత అంటూ అప్పజెప్పేసి దిగిపోయాడు. తర్వాత ఆ అమ్మాయి ఎక్కింది. ఎక్కడా తడబడలేదు. తుపాకీ మాట దగ్గర హాలంతా చప్పట్లు. నేను వేదిక వైపు చూడలేదు, వెనక బెంచీ వైపే చూశాను. ఆయనా చప్పట్లు కొట్టాడు. ఆ పిల్లకే మొదటి బహుమతి, ఒక స్టీలు టిఫిను డబ్బా.

అయ్యాక స్టేషను దగ్గర టీ కొట్లో ఇద్దరం నిలబడ్డాం. ఆ అమ్మాయి దూరంగా స్నేహితురాళ్ళకి డబ్బా చూపించుకుంటోంది. ఏమీ అనుకోవద్దు బాబూ అన్నాను.

"ఏటనుకుంతాను మేస్టారూ? అందులో అబద్ధం ఏటుంది? లెక్కల మేస్టారు లేడన్న సంగతి అది సదువుతంటేనే నాకు తెలిసింది. ఫోన్లో ఎప్పుడూ సెప్పనేదు." టీ ఒక గుక్క తాగి అడిగాడు. "మరి మీ లెక్కన ఎంత ఇవ్వాల, మా మిలట్రీకి?"

రెండు వైపులా సిద్ధం చేసిన మనిషిని కదా, జవాబు నా దగ్గర ఉంటుందనుకున్నాడు. తెలీదన్నాను. నిజంగానే తెలీదు. టీవీలో ఎవరు ఏది వాదించినా ఆ పూటకి వాళ్ళ మాటే సబబనిపిస్తుంది. మర్నాటికి విసుగొక్కటే మిగులుతుంది.

"నాకూ తెల్దు. సలిలో కాపలా కాసినప్పుడు మంచి బూట్లు గావాలనిపిస్తాది. ఇంటికొస్తే పిల్లకి లెక్కల మేస్టారు గావాలనిపిస్తాది. రెండూ అడిగేది నానే గదా. ఎందులో కొయ్యమంతాను?"

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, కాస్త మొహమాటపడుతూ అన్నాడు. "ఎల్లుండి ఎల్లిపోతన్నాను. ఒక్కటడుగుతాను మేస్టారూ. మళ్ళీ ఇలాటి పోటీ వస్తే, ఆ రెండో వైపు మా పిల్లకియ్యండి. ఒక్కపాలి దాని నోట అదీ ఇనాలనుంది. ఫోన్లో ఇంతాను."

అలాగే అన్నాను. ఆ రెండో వైపు నేను అసలు రాయనే లేదనీ, పాత నోటు పుస్తకంలోంచి ఏనాటిదో దేశభక్తి ప్రసంగం రెండు కాయితాలు చింపి ఆ కుర్రాడి చేతిలో పెట్టాననీ ఆయనకి చెప్పలేకపోయాను.