మొనను నమ్మని సారు

మా రైఫిల్ క్లబ్ సారు పోయిన సోమవారం కన్నుమూశారు. రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసుకు నడుస్తుంటే ఫోన్ వచ్చింది. గుండెపోటట.

ఆయన పోలీసు ఆయుధాగారంలో పనిచేసి రిటైరయ్యారు. ఆదివారాలు శేరిలింగంపల్లి అవతల మా క్లబ్బులో, కాల్చిన తూటాల ఖాళీ తొడుగుల్లో మళ్ళీ మందు నింపి బుల్లెట్ అమర్చడం నేర్పేవారు. ఆ తొడుగుల్ని ఖోకాలనేవారు. బుల్లెట్ ఖోకాలోకి ఎంత లోతు దిగిందన్నదే ఆయన ధ్యాస. మరీ లోతుకు దిగితే ఒత్తిడి పెరిగి తుపాకీయే పగలొచ్చు. మేము కాలిపర్‌తో ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచేసి చేతులు దులుపుకుంటే ఒప్పుకునేవారు కాదు.

"మొనను నమ్మకు బిడ్డా. ఒక్కోదానికి ఒక్కో తీరుంటది. బుల్లెట్ భుజం కాడ, గా ఒంపు మొదలయ్యే తాన పట్టి కొలువు."

సెమీ ఆటోమేటిక్ రైఫిల్ తూటాను విసురుగా లోపలికి తోస్తుంది. ఆ దెబ్బకు బుల్లెట్ ఇంకా లోపలికి జారొచ్చు. అందుకని ప్రతి డబ్బాలోంచి ఒక తూటా ఎక్కించి, కాల్చకుండా బయటికి తీసి, మళ్ళీ కొలిపించేవారు. జారిందా, డబ్బా మొత్తం పక్కకే.

ఒకసారి సెలెక్షన్ మ్యాచ్ ముందురోజు నా తూటా జారింది.

"వెంట్రుకవాసే కదండీ సార్! రేపే మ్యాచండీ."

"గా వెంట్రుకవాసే," అని ఎడమ చెంప మీది మచ్చ చూపించారు. "జర పైకి తగిలుంటే కన్ను పోతుండె. మ్యాచ్ మళ్ళొస్తది. కన్నొస్తదా?"

డబ్బా పక్కకు పోయింది, దాంతో నా మ్యాచూ పోయింది. చాలా రోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను. ఆయన మాత్రం ఎప్పటిలాగే ఫ్లాస్కులోంచి చాయ్ పోసి నా ముందు పెట్టేవారు. ఈ నాలుగు ముక్కలు రెండు కళ్ళతో చూసుకుంటూ రాస్తున్నానంటే ఆయన చలవే.

నిన్న ఆదివారం ఆయన జ్ఞాపకంగా తలా ఒక రౌండు కాల్చాలనుకున్నాం. తూటాలు మేమే తయారుచేసుకున్నాం. ఆయన భార్య కూడా వచ్చి కూర్చున్నారు. ఒక తూటా ఎక్కించి, తీసి, భుజం దగ్గర కొలిచాను. జారింది.

"ఇవాళ ఒక్కరోజుకేగా..." అన్నారెవరో.

"పక్కకు వెట్టుండ్రి," అన్నారావిడ. "ఆయనుంటే గదే అంటుండె."

డబ్బా మూసేశాను. ఎవరమూ ఇళ్ళకు కదల్లేదు. ఆయన కోసం కట్టిన కొత్త టార్గెట్ కాగితం ఒక్క చిల్లయినా లేకుండా సాయంత్రం దాకా గాలికి ఊగుతూనే ఉంది.