మా దుకాణంలో కెన్యా తమ్ముడి బోణీ

ఇటు జరగండి. గుమ్మం దగ్గర ఎండ పడుతుంది, ఈ గోడ వారకు వచ్చి నా పక్కన కూర్చోండి. కాళ్లు చాపుకున్నా తప్పులేదు. నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని, నా మాటల్లో పెద్ద చదువు వెతక్కండి. కాని చూసింది చూసినట్టు గుర్తుంటుంది నాకు. ఎంతో దూరం నుంచి వచ్చిన ఒక పెద్ద చదువు మా బజారులో ఎలా ఆగిపోబోయిందో, మళ్లీ ఎలా నడిచిందో చెబుతాను, వినండి.

మాది వరంగల్‌లో మట్టెవాడ. ముందు మా ఆయన కిరాణా దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. పందొమ్మిది వందల అరవైలలో సంగతి. మా మరిది హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. ఒకసారి వస్తూ వెంట ఒక స్నేహితుణ్ణి తీసుకొచ్చాడు. కెన్యా అనే దేశపు మనిషి. ఎంత పొడుగంటే, మా గుమ్మంలో తల వంచి లోపలికి రావలసి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే మా అత్తమ్మకు వంగి దండం పెట్టాడు.

"అమ్మా, ఈయన డాక్టరు చదువు చదువుతాండు" అన్నాడు మరిది.

మా అత్తమ్మ వెంటనే కాలు చాపింది. "గట్లనా బిడ్డా! నా మోకాలు జర చూడు."

"దవాఖాన డాక్టరు కాదే. పైసల గురించి చదివే డాక్టరు."

"పైసలకు గూడ రోగమొస్తదారా?"

"ఎందుకు రాదు? ఉన్నోని దగ్గర గడ్డకడుతయ్, లేనోని దగ్గర ఎండిపోతయ్."

ఆ పిల్లవాడికి హాస్టల్లో మా మరిది నేర్పిన తెలుగు కొంత వచ్చు, ఉర్దూ కొంత వచ్చు. మాట అర్థమై అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుతోనే మా ఇంటివాడైపోయాడు. నేను తమ్మీ అన్నాను, అతను అక్కా అన్నాడు.

అతని చదువు సంగతి నాకు తెలిసినంత చెబుతాను. వాళ్ల దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. అక్కడ చిన్న దుకాణం పెట్టుకుందామనుకున్న ఊరి మనిషికి బ్యాంకువాళ్లు ముఖం చూపించరట. మన బజార్లలో బ్యాంకు గడప తొక్కనివాళ్లు కూడా ఉద్దెర, అదే అరువు, ఇచ్చుకుంటూ, పుచ్చుకుంటూ తరతరాలుగా వ్యాపారాలు చేస్తున్నారు కదా, అది ఎలా నడుస్తుందో తెలుసుకుని వాళ్ల దేశానికి తీసుకుపోవాలని ఆశ. హైదరాబాదులో అతని గురువు, పుస్తకాలు చూసి రాస్తే ఒప్పుకోను, వ్యాపారుల నోటి మాట తీసుకురా అన్నాడు. వానలు పడేలోపు తేకపోతే స్కాలర్‌షిప్పు నిలిచిపోతుంది. నిలిచిపోతే చదువు లేకుండా ఇంటికి పోవాలి. వాళ్ల ఊరు ఊరంతా చందా వేసుకుని అతన్ని ఓడ ఎక్కించిందట. అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు.

మా మరిది తన హాస్టలుకు తిరిగి వెళ్లాడు, ఇతనికి మేడ మీది గది ఇచ్చాం. మా ఇంటి పప్పూ కూరా వంక పెట్టకుండా తినేవాడు గానీ, కడుపుకు నిండినట్టు కనిపించేది కాదు. ఏం తింటారు నాయనా మీ దేశంలో అని అడిగితే, మక్కజొన్న పిండిని వేడినీళ్లలో పోసి గట్టిగా కలుపుతారని చేతులతో చూపించాడు. ఓరి, ఇది మన మక్క గటకే కదా! మా ఇళ్లలో వండరు, కూలినాలి చేసుకునేవాళ్ల తిండి అని మా అత్తమ్మ మూతి ముడిచింది కూడా. అయినా పిండి తెప్పించి వండాను. ఒక ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో గుంట నొక్కి, అందులో ఆకుకూర పెట్టుకుని తిన్నాడు. తిని, కాసేపు తల ఎత్తలేదు. మా అత్తమ్మ అది చూసి, "ఇంకింత వెయ్యవే, చూస్కుంట నిలబడ్డవ్" అని నన్నే కసిరింది.

ఇంట్లో ఇలా కుదిరింది గాని బజారులో కుదరలేదు. రోజూ తెల్లారగానే తల దువ్వుకుని వెళ్లేవాడు. కాసేపటికే తిరిగి వచ్చేవాడు. రానురాను ముఖం వాడిపోతూ వచ్చింది. ఒకనాడు మెట్ల మీద కూర్చుని పళ్లెం ముట్టుకోలేదు.

"ఏమైంది తమ్మీ? కూర బాగలేదా?"

"అక్కా, నేను వెళ్లిపోతాను."

"ఏడికి?"

"మా దేశానికి. ఇక్కడ ఎవరూ నాతో మాట్లాడరు. నేను అడుగుతాను, వాళ్లు ముఖం తిప్పుకుంటారు. నా రంగు చూసి."

కాదని ఎలా అనను? వీధిలో పిల్లలు అతని వెంట కేకలు వేస్తూ పరుగెత్తడం నేనే చూశాను. ఏం చెప్పాలా అని చూస్తుండగా దుకాణంలో గట్టిగా మాటలు వినపడ్డాయి. మా ఎదురు దుకాణం బెల్లం వ్యాపారిది. ముసలాయన, నోరు పెద్దది. వచ్చి మా ఆయన మీద పడ్డాడు.

"ఏమయ్యో! నీ ఇంట్ల దిగినోడు పొద్దుగాల్నే వచ్చి మా గల్లాపెట్టెలకు తాళమేస్తాండు!"

"ఏం జేసిండు కాకా?"

"ఏం జేసిండా? నేను దీపం వెట్టి, ఊదుబత్తి ముట్టిచ్చి, ఇంక గద్దె మీద కూసోలేదు. వచ్చి నిలబడి ఉద్దెర ఎవరికిస్తరు, ఇచ్చింది రాకుంటే ఏం జేస్తరు అంటడు. బోణీ గాలే ఏం గాలే! ఆ దినం మాపటిదాంక ఈగలు తోలుకుంట కూసున్న."

"కాకా, ఆయన ఉద్దెర అడుగుతలేడు. ఉద్దెర గురించి అడుగుతాండు."

"పొద్దుగాల ఆ మాట ఇనవడుడే పాపం. అడిగితేంది, గురించి అడిగితేంది? బజారంత గిదే ముచ్చట. జర బుద్ధి చెప్పు."

మెట్ల మీద ఇతను అంతా విన్నాడు. "అక్కా, బోణీ అంటే ఏమిటి?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పాపం, గిరాకీ ఉన్నప్పుడు వెళ్తే వాళ్ల బేరాలు చెడగొట్టినట్టవుతుందని, ఎవరూ లేని వేళ చూసుకుని, దుకాణం తెరిచీ తెరవగానే వెళ్లేవాడు. మర్యాద అనుకుని చేసిన పని అది. దుకాణం తెరిచాక మొదటి బేరం రొక్కానికి జరగాలనీ, ఆ పైసలు కళ్లకద్దుకుని గల్లాలో వేసేదాకా ఉద్దెర మాట నాలుక మీదికి రాకూడదనీ అతనికి ఎవరు చెప్పారు? వ్యాపారులు చెప్పరు. చెప్పాలంటే ఆ మాట వాళ్లే అనాలి కదా! మా ఆయనకేమో, ఇంత తెలియని మనిషి లోకంలో ఉంటాడని తోచలేదు.

అంతా విడమరిచి చెప్పాను. రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అంటే నా రంగు కాదా అక్కా?"

"రంగు గూడ కొంత ఉండొచ్చు తమ్మీ. దానికి నా దగ్గర మందు లేదు. దీనికున్నది."

ఆ మందేమిటంటే, అతనే ఒక దుకాణంలో బోణీ చెయ్యాలి. చెయ్యి మంచిదని బజారుకు తెలియాలి. కాని తాళం వేసే చెయ్యి అని పేరు పడ్డాక ఎవరు చెయ్యనిస్తారు? మా ఆయనతో అన్నాను.

"ఇగో, ఇంటున్నరా? రేపు మన దుకాణంల తమ్ముని తోటి బోణీ చేపియ్యున్రి."

మా ఆయన అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు. "ఏమే, ఇల్లు నీది. నువ్వు ఏం వెడితే అది తింట. దుకాణం ముచ్చట తియ్యకు."

"ఎందుకు తియ్యొద్దు? మన ఇంట్ల బువ్వ తినే చెయ్యి మన గల్లాకు చేదైతదా?"

"బజారంత నవ్వుతది."

"ఇప్పుడు ఏడుస్తాన్రు గద, నవ్వనియ్యున్రి."

ఆయన గబగబా తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. నేను ఓడిపోయాననే అనుకున్నాను. మర్నాడు పొద్దున దీపం పెట్టి కూర్చున్నాడు. ముందుగా వచ్చిన గిరాకీ ఒకామె ఉప్పు అడిగింది. "జర ఆగమ్మా" అని ఆమెను పక్కన నిలబెట్టి, లోపలికి చూసి, "తమ్మీ, రా" అని పిలిచాడు. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. అతను వచ్చి, "ఒక సబుని ఇవ్వండి" అన్నాడు. వాళ్ల భాషలో సబ్బును అలాగే అంటారట, దుకాణాన్ని కూడా దుకా అంటారట. మా ఆయనకు నవ్వు వచ్చింది. సబ్బు ఇచ్చి, పైసలు కళ్లకద్దుకుని గల్లాలో వేశాడు. ఎదురుగా బెల్లం ముసలాయన తక్కెడ పట్టుకుని, నోరు తెరుచుకుని చూశాడు.

ఆ రోజు బేరం ఎలా జరిగిందంటారా? ఏం చెప్పను! జరగలేదు. ఉప్పు కొన్నామె తర్వాత ఎండకు కుక్క కూడా వీధిలోకి రాలేదు. మా ఆయన తుడిచిన డబ్బాలనే మళ్లీ తుడిచాడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చి నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు. మేడ మీద తమ్ముడు గదిలో నుంచి కిందికి దిగలేదు.

దీపాల వేళ బెల్లం ముసలాయన గద్దె దిగి వచ్చాడు. "ఏమాయెనయ్యా నీ కెన్యా బోణీ?"

మా ఆయన తూకంలో ఒక్క గింజ తేడా రానిచ్చే మనిషి కాదు, తెలిసి ఒక తప్పు మాట అనడు. అలాంటివాడు భుజం పట్టుకుని ఇలా అటూ ఇటూ తిప్పి, "ఏం చెప్పాలె కాకా! తూకమేసీ ఏసీ జబ్బ గుంజుతాంది" అన్నాడు.

"అవునా! నేను చూస్తనే ఉన్న, మందిని చూడలేదే?"

"నువ్వు పొద్దుందాక కునుకు తీస్తివి గద."

ముసలాయన గడ్డం గోక్కుంటూ వెళ్లిపోయాడు. మా ఆయన లోపలికి వచ్చి, నేను చూస్తున్న చూపు చూసి, "గట్ల జూడకు. పో, బువ్వ వెట్టు" అన్నాడు.

మర్నాడు పొద్దున వీధిలో నుంచి ముసలాయన గొంతే వినపడింది. "ఓ బిడ్డా! ఓ పొడుగు బిడ్డా! జర మా దుకాణంకు గూడ రా. ఇంత బెల్లంముక్క కొను." అతను వెళ్లి కొన్నాడు. ఆ రోజు అక్కడ బేరం అయిందో లేదో నాకు తెలియదు. కాని మా దుకాణంలో అంత బాగా జరిగాక, తన దగ్గర జరగలేదని ముసలాయన ఎలా ఒప్పుకుంటాడు? బ్రహ్మాండమన్నాడు. ఆ పక్క దుకాణం ఆయన కూడా మర్నాడు బోణీ చేయించుకుని అదే అన్నాడు. ఇక చూడండి, ఈ రోజు నా వంతంటే నా వంతని వాదులాడుకున్నారు. మా ఇల్లు బెల్లంతో, కొబ్బరితాడుతో, దీపం వత్తులతో నిండిపోయింది. కిరాణావాళ్ల ఇంట్లో పక్క దుకాణం పసుపు! మా అత్తమ్మ నెత్తి కొట్టుకుంది.

బోణీ కాగానే వెళ్లనిచ్చేవాళ్లు కాదు. చాయ్ తెప్పించి కూర్చోబెట్టేవాళ్లు. అప్పుడు ఏమడిగినా చెప్పేవాళ్లు, అడగనివి కూడా చెప్పేవాళ్లు. తమ్ముడు రాసుకోలేక వేళ్లు విరుచుకునేవాడు.

అందరినీ అడిగి చివరికి మా ఆయన్నీ అడిగాడు. "అన్నా, మీరు ఏమి చూసి ఉద్దెర ఇస్తారు?"

మా ఆయన తక్కెడ పక్కన పెట్టాడు. "కాశిబుగ్గ నుంచి మగ్గాలోళ్లు వస్తరు. ఒకనాడు కొత్త మొఖం వస్తది. ఆన్ని నేనేమెరుగుదు? ఆని ఎనుక నాకు తెలిసినోడు ఒకడు నిలబడి 'మావోడే, ఇయ్యి' అంటడు. గంతే. అడిగినోని మీద కాదు తమ్మీ, ఎనుక నిలబడ్డోని మీద ఇస్త."

తమ్ముడు రాయడం ఆపి ఆయన వైపే చూస్తూ ఉండిపోయాడు. "మీరు నా కోసం కూడా..." అన్నాడు. మా ఆయనకు అలాంటి మాటలు పడవు. గిరాకీ వచ్చిందని లేచాడు. ఎవరూ రాలేదు.

వానలకు ముందే కాగితాల కట్ట పట్టుకుని హైదరాబాదు వెళ్లాడు. వారం గడిచినా కబురు లేదు. మా అత్తమ్మ రోజూ గుమ్మంలోకి వెళ్లి వచ్చేది. ఒక మధ్యాహ్నం, తొలి వానకు తడిసి ముద్దయి, గుమ్మంలో తల వంచి నిలబడ్డాడు. తల ఎత్తాక చూస్తే ముఖమంతా నవ్వు. గురువు చదివి ఒప్పుకున్నాడట, స్కాలర్‌షిప్పు నిలవకుండా సాగుతుందట.

బెల్లం ముసలాయన వానలోనే వీధి దాటి పరుగెత్తుకొచ్చాడు. "పాసైనవా బిడ్డా?"

"ఇంకా లేదు తాతా. రాయడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు పుస్తకం రాయాలి."

"ఇంక రాసుడే మిగిలిందా? మరి ఇన్నొద్దులు ఏం జేసినవురా!"

అందరం నవ్వాం. తమ్ముడు మాత్రం నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు, మా అత్తమ్మ తన కొంగుతో ఆ తడి తల తుడుస్తూ కూర్చుంది. ఊరికి ఏం ముఖం పెట్టుకుని పోవాలన్న బెంగ ఆ రోజుతో అతనికి తీరింది.

ఇంతసేపు నా పక్కన కూర్చుని విన్నారు. మీ ఇంటి దీపం వేళకు వెలగాలి, మీ పిల్లలు ఏ దేశం వెళ్లినా అడగకుండానే అన్నం పెట్టే ఇల్లు దొరకాలి, మీ ఇంటికి వచ్చినవాళ్లు కడుపు నిండి, నవ్వుతూ వెళ్లాలి. చల్లగా ఉండండి.