రామకృష్ణప్ప బోర్డు తుడిచిన గురువారం

చింతామణిలో పూజ సామాన్ల అంగడి పెట్టుకున్న రామకృష్ణప్ప రోజూ ఆరు గంటలకే తలుపు తీస్తాడు. దేవుడి పటానికి దీపం పెట్టి, ఆ వెంటనే తడిగుడ్డతో వాకిలి పక్కనున్న నల్లబోర్డు తుడుస్తాడు. పైన ‘శ్రీ’ అని రాసి, కింద ఎడమ పక్క తెలుగులోనూ కుడి పక్క కన్నడలోనూ ఆ రోజు తిథి, నక్షత్రం, వర్జ్యం రాస్తాడు. వర్జ్యమంటే మంచి పని మొదలుపెట్టకూడని గంటన్నర. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వరస. ఒకసారి రాసింది మరునాటి పొద్దు దాకా తుడిచి ఎరుగడు. ఎదురుగా ఆకుకూరల గంప దించుకునే చిక్కమ్మకు చదువు రాదు. అందుకని రాసిందంతా ఒకసారి గట్టిగా చదువుతాడు, తన కోసమే చదువుకుంటున్నట్టు.

అంతటి మంచి మనిషికి ఉన్నది ఒకే జబ్బు, అనుమానం. కర్పూరం కొత్త పెట్టె వస్తే ఒక బిళ్ళ వెలిగించి చూస్తాడు. అడుగున మసి మిగిలిందా, పెట్టె వెనక్కి పోవలసిందే. ఫోన్ మోగితే అవతలివాళ్ళు ఊరూ పేరూ చెప్పేదాకా తన పేరు చెప్పడు.

కళ్ళకు పొర వచ్చి పంచాంగంలోని చిన్న అక్షరాలు ఆనకపోయేసరికి రెండేళ్ళుగా కంప్యూటర్‌లో పెద్ద అక్షరాలు చూసి రాస్తున్నాడు. మొన్న కార్తీకంలో అది పూర్తిగా మొరాయించింది. చిక్కబళ్ళాపురంలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసే మేనకోడలు రశ్మి ఆదివారం వచ్చి, పాతదంతా తీసేసి లినక్స్ అనే కొత్త సిస్టం ఎక్కించింది. ఎక్కించడం గంటలో అయిపోయింది. ఆ తర్వాత దాన్ని అంగడి పనికి తగ్గట్టు దిద్దడానికి సాయంత్రం దాకా పట్టింది. రామకృష్ణప్ప ముక్కాలిపీట లాక్కుని పక్కనే కాపలా కూర్చున్నాడు.

మొదట కొత్త సామానులు, అంటే లోపల నడిచే ప్రోగ్రాంలు, దింపుకోవడానికి అనుమతి కావాలని ఒక నల్లటి కిటికీ పాస్‌వర్డ్ అడిగింది. ఆయనే రహస్యంగా నొక్కాడు. తెర మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

“ఎనిమిది అక్షరాలు కొట్టినా రశ్మీ. యాడికి పోయినాయి? ఎవురో మింగుతాండారు.”

“ఎవురూ మింగలేదు మామా. ఎన్ని అక్షరాలో కూడా తెలీకుండా దాస్తాండాది. పక్కన నాలాంటి దొంగ కూర్చోనుంటే?”

ఆ మాటకు ఆయన పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. తెర మీద వాక్యాలు వరసగా పరుగెడుతూ మూడు వందల పైచిలుకు సామానులు దిగడం మొదలైంది.

“ఇప్పుడే కదా పెట్టినావు, అప్పుడే రిపేరా? ఇదంతా ఎవురు పంపిస్తాండారు?”

“ఎవురెవురో, ఏ దేశమోళ్ళో. చేతనైనోళ్ళు చేసి పెడతారు. ఊరికే.”

“ఊరికే ఎవురిస్తారమ్మా? ఏదో ఉండాది లోపల.”

“నువ్వు బోర్డు ఏంటికి రాస్తాండావు మామా? లోపల ఏముండాది?”

అయినా ఆయన అనుమానం పోలేదు. రశ్మి తెలుగు, కన్నడ అక్షరాలు పెట్టింది. ఒత్తులన్నీ సరిగ్గా పడుతున్నాయా అని ఆయన ముక్కు తెరకు ఆనించి చూశాడు. చివర పంచాంగం ప్రోగ్రాం పెట్టి, ప్రింటరు పని మాత్రం మిగిల్చి, గురువారం పొద్దున వస్తానని చెప్పి రశ్మి బస్సెక్కింది.

మంగళవారం కాంచన వచ్చింది. పదేళ్ళు ఇడ్లీల గంప నెత్తిన పెట్టుకుని వీధివీధి తిరిగిన మనిషి. ఇప్పుడు బస్టాండు వెనుక సొంతంగా చిన్న హోటల్ పెడుతోంది.

“అప్పా, గురువారం పొయ్యి వెలిగించల్ల. మా నాయన చేత్తోనే. పరగోడు నుంచి ఆయన బస్సు దిగేసరికి పదవుతాది. మంచి వేళ చూసి చెప్పు.”

“రేపు చెప్తా తల్లీ,” అన్నాడు.

బుధవారం కంప్యూటర్ తెర మూలనున్న గడియారం మీద ఏదో నొక్కితే ఒక పేజీ తెరుచుకుంది. అందులో ఊరి పేరు కోల్‌కతా అని ఉంది. రామకృష్ణప్ప ఊళ్ళ పట్టీ అంతా పైకీ కిందికీ వెతికాడు. చింతామణి లేదు, బెంగళూరూ లేదు. అంటే ఈ మూడు రోజులూ ఈ పెట్టె బంగాళం లెక్కలు చూపిస్తూ వచ్చింది!

పంచాంగం తిప్పేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. ఏ ఊరికి గుణించిన పంచాంగమో చూసి, మన ఊరికి నిమిషాలు సవరించుకుంటారు. ఆయన పాత పంచాంగం కోస్తా వైపు ఒక ఊరిది. ఎనిమిది నిమిషాలు కలిపి రాసేవాడు. చిన్నప్పుడు కెంచార్లహళ్ళి బడిలో మేష్టరు చెప్పిన లెక్క, డిగ్రీకి నాలుగు నిమిషాలు, ఆయన మరచిపోలేదు. అట్లాసు తీసి కొలిచాడు. కోల్‌కతా పది డిగ్రీల పైనే తూర్పు. నలభై ఒక్క నిమిషం.

రశ్మిని అడగలేదు. అడిగితే ఏదో ఒకటి సర్దిచెబుతుందని అనుమానం. గురువారం వర్జ్యం తొమ్మిదీ యాభైకి మొదలని తెర చూపిస్తే, నలభై ఒకటి కలిపి, పదీ ముప్పై ఒకటి అని తేల్చాడు. “పదింబావుకు వెలిగించుకో తల్లీ, మీ నాయనా వచ్చేసుంటాడు,” అని కాంచనకు కబురు చేశాడు.

గురువారం ఎనిమిదికి రశ్మి వచ్చి, గడప ఎక్కకుండానే బోర్డు ముందు నిలబడిపోయింది.

“పదీ ముప్పై ఒకటి ఏంది మామా? నా ఫోన్‌లో చూస్తే తొమ్మిదీ యాభై కదా?”

“నీ పెట్టె దొంగతనం నేను పట్టేసినాలే. కోల్‌కతా టైము పెట్టి పోయినావు.”

విషయం విని రశ్మి తల పట్టుకుంది. “దేశమంతా ఒకటే టైము మామా. ఆ టైముకు ఈ పట్టీలో కోల్‌కతా అని పేరు, అంతే. పంచాంగానికి ఊరు వేరేగా ఇచ్చినా. ఇదో చూడు, చింతామణి.”

“ఇప్పుడు మార్చినావేమో, ఎవురికి తెలుసు?”

“అయితే కోల్‌కతానే అడుగు పో!”

ఆమె కోపంతో అన్న మాటను ఆయన నిజంగానే పట్టుకున్నాడు. టమోటా లారీ నడిపే భాను ప్రతి ట్రిప్పుకూ చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు ఈ అంగడిలోనే తీసుకుంటాడు. మూడు రోజుల క్రితం లోడుతో కోల్‌కతాకే పోయాడు. రామకృష్ణప్ప ఫోన్ చేశాడు.

“భానూ, చేరినావా? నీ గడియారంలో ఎంతయిందప్పా?”

“చేరినా. ఎనిమిదీ పది. ఏమప్పా, మీ గడియారం నిలిచిపోయిందా?”

రామకృష్ణప్ప గోడ వైపు చూశాడు. ఎనిమిదీ పదే.

“పొద్దెప్పుడు పుట్టింది ఆడ?”

“ఆరు కొట్టకముందే ఎండ మొహాన కొట్టింది. ఈడ సూర్యుడికి తొందర ఎక్కువప్పా, గడియారం మాత్రం మనదే.”

ఫోన్ పెట్టేసి ఆయన బోర్డు వైపు తిరిగాడు. పదింబావు అంటే నడి వర్జ్యం. కాంచన పదేళ్ళ కష్టానికి మొదటి మంట ఆ వేళలో వెలిగితే, రేపు ఏ చిన్న నష్టం వచ్చినా ఆమె మనసు అక్కడికే పోతుంది. అది తన బోర్డు నమ్ముకున్నందుకు.

రశ్మి గుడ్డ తడిపి తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి పట్టపగలు, చిక్కమ్మ చూస్తుండగా, రామకృష్ణప్ప బోర్డు తుడిచి మళ్ళీ రాశాడు. రాసినది గట్టిగా చదివాడు. చిక్కమ్మ కొత్తిమీర కట్ట కడుతూ, “సరే అప్పా, వినపడింది,” అంది, రోజూ అన్నట్టే.

తర్వాత చెప్పులు వేసుకుని బస్టాండు వెనక్కి నడిచాడు. కాంచన కొత్త పొయ్యికి పసుపు పూసి, బొట్లు పెడుతోంది. జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

“తొమ్మిదీ యాభై లోపల వెలిగిస్తే మంచిదే, కానీ మీ నాయన రాడు. లేదంటే పదకొండున్నర. నీ ఇష్టం తల్లీ.”

కాంచన పొయ్యికి ఇంకొక బొట్టు పెట్టి తలెత్తింది.

“నాయన లేకుండా వద్దప్పా. పదకొండున్నరకే. పిలిచినోళ్ళు పదికే వస్తారు, కూర్చోబెడతా. నువ్వేం బాధపడొద్దు. కంప్యూటర్ తప్పు చూపించిందని చెప్పేస్తా, సరిపోతుంది.”

రామకృష్ణప్ప గబగబా తల అడ్డంగా ఊపాడు.

“అదొక్కటి అనొద్దమ్మా. నాకొక ఉపకారం చెయ్యి. అది సరిగ్గానే చెప్పింది, నేనే నమ్మలేదు. ఎవురు అడిగినా రామకృష్ణప్ప తప్పు రాసినాడని, నా పేరుతోనే చెప్పు.”